అమ్మ వంటింటి గోడ

రంగులాయనకి రంగులు అమ్మడం చేతకాదని షాపు ఓనరు పదిమందిలోనూ అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరైనా వచ్చి గోడకి మంచి రంగు చూపించమంటే, మిగతా షాపుల్లో అయితే రంగుల అట్ట తీసి మొహం మీద పెడతారు. ఈయన స్టూలు జరిపి కూచోబెట్టేవాడు. "ఆ గదిలో మీరేం చేస్తారు?" అని మొదలుపెట్టేవాడు. గోడకి రంగు వేసుకుందామని వచ్చినవాడికి ఈ ఆరా ఏమిటో అర్థమయ్యేది కాదు. సగం మంది లేచి పక్క షాపుకి పోయేవాళ్ళు.

మిగతా సగం మంది మాత్రం ఆయన్ని వదిలేవాళ్ళు కాదు. వాళ్ళకి కావలసింది అట్టమీద దొరికే రంగు కాదు. ఒకడికి చిన్నప్పుడు తాతగారింట్లో చూసిన కిటికీ తలుపుల రంగు కావాలి. ఇంకొకావిడకి తను పాఠాలు నేర్చుకున్న బడి గేటు రంగు కావాలి. ఆ కిటికీ ఇప్పుడు లేదు, ఆ గేటూ లేదు. రంగులాయన డబ్బా ముందు పెట్టుకుని, కర్రతో కలుపుతూ అడిగేవాడు: ఆ కిటికీ దగ్గర నిన్ను ఎవరు తిట్టారు? ఎండ ఎటునుంచి వచ్చేది? తలుపు ముట్టుకుంటే వేడిగా ఉండేదా? వాళ్ళు చెబుతూ ఉంటే ఈయన ఒక్కో చుక్క వేస్తూ పోయేవాడు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ వాళ్ళు ఒకచోట ఠక్కున ఆగి డబ్బాలోకి చూసేవాళ్ళు. "ఇదే!" అనేవాళ్ళు. ఆ ఒక్క మాట విన్నరోజు ఆయన ఇంటికి నడుస్తూ కూనిరాగం తీసేవాడు. వినని రోజు గేటు చప్పుడు కాకుండా వేసేవాడు. ఆయన భార్య ఆ గేటు చప్పుడుని బట్టే టీలో చక్కెర ఎంత వెయ్యాలో నిర్ణయించేది.

తరవాత షాపులోకి యంత్రం వచ్చింది. నంబరు నొక్కితే చాలు, రంగు దానంతటదే డబ్బాలో పడుతుంది. దాంతో రంగులాయనకి తీరిక ఎక్కువైంది. అయినా ఓనరు ఆయన్ని పొమ్మనలేదు. "యంత్రానికి నంబరు చెప్పాలి, ఈయనకి కథ చెప్పాలి. రెండూ ఉండనీ" అన్నాడు. చూడటానికి పిసినిగొట్టులా కనపడతాడు గానీ మనిషి మంచివాడే.

ఇక అక్క సంగతి. రంగులాయనకి ఒక్కతే అక్క. వాళ్ళమ్మ పిల్లల చిన్నప్పుడే పోయింది. అప్పటినుంచి తమ్ముడికి జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది అక్కే, బడి ఎగ్గొడితే వీపు చిట్లగొట్టిందీ అక్కే. తన కోసం తమ్ముణ్ణి ఏనాడూ ఏదీ అడిగిన మనిషి కాదు. అలాంటిది ఈమధ్య కూతురింటికి దగ్గర్లో చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని చేరాక, మొదటిసారి నోరు తెరిచి ఒక కోరిక కోరింది.

"చిన్నోడా, ఈ వంటింటికి అమ్మ వంటింటి రంగు వెయ్యరా. నువ్వు ఊళ్ళోవాళ్ళ జ్ఞాపకాలకన్నిటికీ రంగులేస్తావు. నాకూ ఒకటి వెయ్యి."

ఆ పాత ఇల్లు ఏనాడో కూల్చేశారు. ఫొటో కూడా లేదు. వంటింటికి ఎవరు ఫొటో తీస్తారు? అది లేత ఆకుపచ్చ అని అక్క, కాదు అందులో కొంచెం నీలం ఉండేదని తమ్ముడు కాసేపు వాదులాడుకున్నారు. చివరికి ఆయన ఇద్దరి మాటా నిలబెట్టేలా ఒక రంగు కలిపాడు. షాపులో ఉన్నవాటిలోకెల్లా మేలు రకం ప్లాస్టిక్ పెయింటు తీసుకున్నాడు. తళతళా మెరుస్తుంది, కడిగినా పోదు. అంతా అయ్యాక అక్కని పిలిచాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"అచ్చం అదేరా" అంది.

ఆ రోజు ఆయన కూనిరాగం తియ్యలేదు, గొంతెత్తి పాడాడు. అప్పట్నుంచీ అక్క ఆ గోడకెదురుగా కుర్చీ వేసుకుని కూచుంటుంది. టీ అక్కడే, ఫోన్లూ అక్కడే. ఏం చేస్తున్నావే అమ్మా అని కూతురు అడిగితే, "మా అమ్మ దగ్గర కూచున్నా" అంటుంది.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. చెడింది రంగులాయన కళ్ళే.

చెడ్డాయని ఆయన ఒప్పుకుంటే కదా! బల్బుల కంపెనీవాళ్ళు మోసం చేస్తున్నారన్నాడు. పేపరువాళ్ళు సిరాలో నీళ్ళు కలుపుతున్నారన్నాడు. భార్య ఉతికిన తెల్లచొక్కా పట్టుకుని, ఇది పసుప్పచ్చగా ఉంది చూడమని యాగీ చేశాడు. ఆవిడ సబ్బు మార్చింది, ఆ తరవాత ఇంకో సబ్బు మార్చింది, ఆ తరవాత ఆయన మాట వినడమే మానేసింది. చివరికి ఒక సాయంత్రం బట్టల షాపు ముందు నిలబెట్టిన బొమ్మని పట్టుకుని, "బాగున్నారా? పిల్లలు ఎలా ఉన్నారు?" అని పలకరించాడు. బొమ్మ జవాబు చెప్పలేదని మొహం మాడ్చుకుని, మనిషికి గర్వం పెరిగిపోయిందని ఇంటిదాకా గొణుగుతూనే వచ్చాడు. మర్నాడే భార్య ఆయన్ని కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది.

రెండు కళ్ళకీ శుక్లాలు. బాగా ముదిరాయి. ఒకదాని తరవాత ఒకటి ఆపరేషన్ చేశారు. పంపించేటప్పుడు డాక్టరు, "ఇన్నాళ్ళూ పసుప్పచ్చ పొరలోంచి చూశారు. ఇప్పుడది పోయింది కాబట్టి కొన్నాళ్ళపాటు అన్నీ కాస్త నీలంగా కనిపిస్తాయి. కంగారు పడకండి" అని చెప్పాడు. ఈ మాట రంగులాయన కంటే ఆయన భార్య శ్రద్ధగా వింది. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇంటికొచ్చి తలుపు తీశాడు. ముందుగది ఈమధ్యే ఆయన స్వయంగా వెన్నరంగు వేసుకున్న గది. లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాడు.

"ఇదేంటే, గోడలు నీలంగా ఉన్నాయి?"

"డాక్టరు చెప్పాడు కదండీ. కొన్నాళ్ళు అన్నీ నీలంగానే కనిపిస్తాయని."

"ఓహో" అన్నాడు. కూచున్నాడు. ఆవిడ గ్లాసుతో పాలు తెచ్చిచ్చింది. పాలు చూశాడు. గోడ చూశాడు. గోడమీది క్యాలెండరు చూశాడు. తన చొక్కా చేతిని చూసుకున్నాడు.

"పాలు తెల్లగానే ఉన్నాయే. చొక్కా తెల్లగానే ఉంది. నీలమంతా గోడకి ఒక్కదానికే వచ్చిందా?"

ఆవిడ చెంగు సర్దుకుంది, కిటికీ తెరిచింది, తెరిచిన కిటికీ మూసింది.

"వేసినప్పట్నుంచీ నీలమేనండీ" అంది చివరికి.

"వేసినప్పట్నుంచా! మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? బ్రష్షు పట్టుకుని గోడ ముందు నిలబడి, 'చూశావా, వెన్న పూసినట్టు లేదూ?' అని మురిసిపోతున్నారు. ఆ మొహం చూసి ఎవరైనా చెప్పగలరా?"

"అయితే ఊరంతటికీ తెలుసా?"

"ఊరంతటికీ ఎందుకు తెలుస్తుంది? ఇంటికొచ్చినవాళ్ళకే."

ఆయన కోపంతో ఒంటికాలి మీద లేచాడు. ఆ ఊపులోనే షాపుకి వెళ్ళి ఓనర్ని నిలదీశాడు. ఓనరు చేతులెత్తేశాడు. "తేడాగా కనపడిన మాట నిజమే. కానీ మీరు ఖాయంగా చెబుతుంటే, జబ్బు నా కళ్ళకే ఉందేమో అనుకున్నా" అన్నాడు. తాతగారి కిటికీ రంగు పట్టుకెళ్ళిన మనిషి అయితే మరీ ఘోరం. తలుపులకి ఆ నీలం వేసుకుని రోజూ చూసీ చూసీ, తాతగారి కిటికీ నీలమేనని ఇప్పుడు తన అన్నదమ్ములతో పోట్లాడుతున్నాడట. మనిషి జ్ఞాపకం ఇంత మెత్తటిదా, ఎవరు గట్టిగా చెబితే వాళ్ళ చేతికి వంగిపోతుందా అని రంగులాయనకి మొదట నవ్వొచ్చింది. పకపకా నవ్వాడు. ఓనరూ కలిసి నవ్వాడు.

నవ్వుతున్నవాడల్లా మధ్యలో ఆగిపోయాడు. అక్క గోడ గుర్తొచ్చింది.

పరుగులాంటి నడకతో వెళ్ళాడు. అనుమానించినంతా అయింది. వంటిల్లు వంటిల్లులా లేదు, నీలిమందు బకెట్టు తిరగబడినట్టుంది. దాని ముందు అక్క కుర్చీలో నిండుగా కూచుని టీ తాగుతోంది.

"రారా. కళ్ళు బాగా కనపడుతున్నాయా? చూడు, ఈ టైముకి వెలుగు పడితే అచ్చం అమ్మ నిలబడినట్టే ఉంటుంది."

ఆయన వంగి అక్క కళ్ళలోకి చూశాడు. నిన్నటిదాకా తన కళ్ళలో ఉన్న మబ్బే అక్క కళ్ళలోనూ ఉంది. ఆవిడ 'అచ్చం అదే' అనడం ఉత్త మెచ్చుకోలు కాదు. అక్కా తమ్ముడూ ఒకే మురికి అద్దంలోంచి చూసి ఒకే గోడని చూశారు. ఈ లోకంలో ఆ గోడ అలా కనపడేది వాళ్ళిద్దరికే. ఇప్పుడు ఒక్క అక్కకే.

"నిన్ను చూశాక నాకూ ధైర్యమొచ్చిందిరా. వచ్చేవారం నాకూ ఆపరేషన్" అంది అక్క.

అక్క కళ్ళు తెరిచిన మరుక్షణం అమ్మ వంటిల్లు పోతుంది. జీవితంలో ఆవిడ కోరిన ఒక్క కోరిక, అదీ తన చేతుల మీదుగా తీర్చినది, తన కళ్ళముందే పోతుంది. చెప్పడానికి సిగ్గే గానీ, ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది:

"అంత తొందరేముందక్కా? చలికాలం పోనీ."

"ఓరి నీ అసాధ్యం కూలా! నీకు చూపు రాగానే నాకొద్దంటావేంట్రా?"

ఆయన గోడకేసి చూస్తూ లెక్కలు వేసుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక అక్క కొన్నాళ్ళు కూతురింట్లోనే ఉంటుంది. ఆలోపు గోడ మార్చేస్తే సరి. మేనకోడలికి సంగతంతా చెప్పి, తను చెప్పేదాకా అక్కని గడప దాటనివ్వద్దని మాట తీసుకున్నాడు. షాపులో ఒక మూల కూచుని రంగులు కలపడం మొదలుపెట్టాడు.

తల ప్రాణం తోకకొచ్చింది. డబ్బా తరవాత డబ్బా కలిపాడు. కలిపిన ప్రతి రంగునీ అట్టముక్క మీద పూసి గోడకి ఆనించాడు. ఒకటి ఆసుపత్రిలా ఉంది. ఒకటి బస్సులా ఉంది. ఒక్కటీ 'ఇదే' అనిపించుకోలేదు. కళ్ళేమో కడిగిన అద్దాల్లా ఉన్నాయి, షాపు గోడమీది పోస్టరు మూల అంటించిన టేపు కూడా కనపడుతోంది. అమ్మ గోడ మాత్రం కనపడటం లేదు. మబ్బు కళ్ళతో ఉన్నప్పుడు ఎంత సులువుగా కలిపేశాడు! అప్పుడు అనుమానమే రాలేదు. యంత్రం వైపు కూడా ఒకసారి ఆశగా చూశాడు. పాపం దానికి మాత్రం ఏం తెలుసు?

మధ్యాహ్నం భార్య భోజనం క్యారియరు తెచ్చింది. చుట్టూ పరిచిన అట్టముక్కల్నీ, మధ్యలో తల పట్టుకున్న మొగుణ్ణీ చూసింది. క్యారియరు పక్కన పెట్టి, ఆయన స్టూలు ఆయన వైపే జరిపింది.

"కూచోండి. ఆ గదిలో మీరేం చేసేవాళ్ళు?"

"ఏంటే, నాకే పాఠాలా?"

"ఇన్నేళ్ళుగా ఇంట్లో చెవినిల్లు కట్టుకుని చెబుతున్నారుగా, నాకూ వచ్చేసింది. చెప్పండి, ఎక్కడ కూచునేవారు?"

ఆయన విసుక్కున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఓనరు మర్యాదగా యంత్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

"గోడకి ఆనుకుని. పొయ్యికి ఎదురుగా."

"వీపుకి ఎలా ఉండేది?"

"చల్లగా ఉండేది." చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకున్నాడు. "లేచాక చొక్కా వెనక తెల్లగా అంటుకునేది. అమ్మ దులిపేది. దులపడమంటే కొట్టినట్టే ఉండేదిలే."

"మరి వదినకి మీరేసిన రంగు చొక్కాకి అంటుకుంటుందా?"

"చస్తే అంటుకోదు. కడిగినా పోదు. అదే కదా దాని గొప్ప..." అంటూ ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

అది సున్నం గోడ. ఇన్నాళ్ళూ రంగు గురించే కొట్టుకున్నాడు గానీ, గోడ సంగతి పట్టించుకోలేదు. ఆ వెనకాలే ఇంకోటి వచ్చింది. దాన్ని ఆయన పూర్తిగా మరిచిపోయాడు, మరిచిపోయానన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"పొయ్యి మీద గిన్నె ఉడకడానికి చాలాసేపు పట్టేదే. మాకేమో ఆకలి. నేను ఏడుపు లంకించుకునేవాణ్ణి. అప్పుడు అమ్మ చెంబులో వేలు ముంచి గోడమీద బొమ్మ గీసేది. సున్నం కదా, తడిసినచోట ముదురుగా కనపడేది. కాసేపటికి ఆరిపోయి గోడ మళ్ళీ ఖాళీ. ఆరేలోపు అదేంటో చెప్పాలి, అదీ ఆట. నేను ప్రతిసారీ కుక్క అనేవాణ్ణి. అక్క పడీపడీ నవ్వేది."

"ఎందుకు?"

"అదే గుర్తు రావట్లేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొత్త కళ్ళు, తడవనివ్వద్దన్నాడు డాక్టరు, అంటూ ఆవిడ చెంగుతో అద్దింది.

సున్నం కావాలనేసరికి ఓనరు నెత్తి కొట్టుకున్నాడు. "వ్యాపారం ముందుకి పోవాలని నేను యంత్రం కొంటే, మీరు సున్నం దగ్గరికి లాక్కుపోతున్నారు!" అన్నాడు. అన్నవాడే పాత గోదాములవాళ్ళకి ఫోన్లు చేసి ఎక్కడినుంచో ఒక బస్తా తెప్పించాడు. ప్లాస్టిక్ పెయింటు మీద సున్నం నిలవదు. కాబట్టి ఎంతో గొప్పగా వేసిన ఆ తళతళలన్నీ గోకి, లోపలి గచ్చు బయటపడేదాకా రుద్దాలి. మొగుడూ పెళ్ళాలిద్దరూ తలకి గుడ్డలు కట్టుకుని గోకారు. గోకుతున్నంతసేపూ ఆవిడ, కడిగినా పోదన్నారుగా అని గుర్తు చేస్తూనే ఉంది. సున్నం తొట్టిలో కుతకుతా ఉడికి చల్లారాక గుడ్డలో వడపోసి, అందులో చిటికెడు ఆకుపచ్చ, మీద ఒక చుక్క నీలం వేశాడు. 'ఇదే' అని ఎవరూ అనలేదు. ఆయనా అనుకోలేదు. భయపడుతూనే వేసేశాడు.

అక్క వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి అడుగుపెట్టింది. అద్దాలు తీసింది. రంగులాయన తేలు కుట్టిన దొంగలా గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"రంగు మార్చావు" అంది.

దాచి లాభం లేదు. తన కళ్ళ సంగతీ, ఆవిడ కళ్ళ సంగతీ, నీలిమందు సంగతీ అంతా కక్కేశాడు. అక్క వింటూనే గోడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. మొహంలో ఏ వెలుగూ రాలేదు.

"ఇది కాదురా. అమ్మది ఇంకా పచ్చగా ఉండేది" అంది నెమ్మదిగా. "నాకు ఆ పాతదే బాగుంది. అందులో అమ్మ కనపడేది."

పోయింది. అక్క అలిసిపోయి గోడకి చేరగిలబడింది. కాసేపటికి కుర్చీ కోసం ముందుకి జరిగింది.

"అయ్యో వదినా, వీపంతా సున్నం!" అంటూ వెనకే ఉన్న మరదలు టపటపా దులిపింది.

అక్క కదలకుండా నిలబడిపోయింది. ఇంకో రెండు దెబ్బలు పడేదాకా అలాగే నిలబడింది. తరవాత వెనక్కి తిరిగి, అరచెయ్యి గోడకి ఆనించి, చేతికంటిన తెలుపు చూసుకుంది.

"ఒరేయ్, గ్లాసుతో నీళ్ళు తే" అంది.

తెచ్చాడు. ఆవిడ వేలు ముంచి గోడమీద గీసింది. ఒక గుండ్రం, దానికి అటూ ఇటూ రెండు పెద్ద చెవులు, కింద వంకరగా ఒక నోరు.

"చెప్పు. ఆరేలోపు."

"కుక్క" అన్నాడు ఆయన, ఆలోచించకుండానే.

అక్క పడీపడీ నవ్వింది. అదే నవ్వు. అప్పుడు ఎందుకు నవ్వేదో ఇన్నేళ్ళకి చెప్పింది. "కుక్క కాదురా వెధవా, నువ్వు! అమ్మ ఎప్పుడూ నిన్నే వేసేది. వేసిన ప్రతిసారీ నువ్వు కుక్క అనేవాడివి."

రంగులాయన తన చెవి తడుముకున్నాడు. గోడమీద తడి అంచులనుంచి ఆరుకుంటూ వస్తోంది.

"మరి నిన్ను వేసేది కాదా?"

"నన్నెందుకు వేస్తుంది? ఏడ్చేవాడివి నువ్వు కదా" అంది అక్క. అందులో నిష్ఠూరమేమీ లేదు, ఉన్నమాటే చెప్పింది.

ఆయన గ్లాసు అందుకున్నాడు. వేలు ముంచి, ఆరిపోతున్న చెవుల పక్కనే ఒక మొహం గీశాడు. పైన ముడి, చిన్న చుబుకం, తడిగుడ్డ వెయ్యడానికి చాచినట్టు ఒక చెయ్యి. డబ్బాల్లో రంగులు కలపడమే గానీ బొమ్మలు వెయ్యడం ఆయనకి రాదు. వంకరటింకరగా వచ్చింది.

"చెప్పక్కా. ఆరేలోపు."

అక్క దగ్గరికి జరిగి, కొత్త కళ్ళతో పరీక్షగా చూసింది.

"అమ్మ" అంది.

"కాదక్కా" అన్నాడు తమ్ముడు. "నువ్వే."